యాప్‌లో క్లియర్, పైన చూస్తే పాలపొర! ఏం నమ్మాలి?

రాయగడ కుర్రోడు:
అన్నలూ, నా దగ్గర 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. ఫోన్లో వెదర్ యాప్ క్లియర్ అంటుంది, తీరా అంత బరువూ డాబా మీదికి మోసుకెళ్తే చుక్కలన్నీ మసకమసకగా ఉంటాయి. డిసెంబర్ 13 రాత్రి జెమినిడ్స్ ఉల్కల వాన చూడ్డానికి దేవ్‌మాలి కొండకి వెళ్దామనుకుంటున్నాం. ముందు ఏం చూసుకోవాలి?

జయపురం మాస్టారు:
బాబూ, క్లియర్ అన్న ఒక్క ముక్క చూసి బయల్దేరకు. విండీ యాప్‌లో కింది, మధ్య, పై మేఘాలు విడివిడిగా కనిపిస్తాయి, నీ మసక ఆ పై మేఘాలదే అయ్యుండాలి, వాటితో వాన రాదు గనక మామూలు యాప్‌లు అంతగా పట్టించుకోవు. రాత్రి వాతావరణ శాఖ (ఐఎండీ) సైట్లో ఇన్సాట్ ఉపగ్రహం వేడి, చల్లదనాల తేడాని బట్టి తీసే ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ చూడు. అందులో పొగమంచు మాత్రం సరిగా తెలీదు, నేలా అదీ దాదాపు ఒకే చల్లదనంలో ఉంటాయి కదా. దానికి డ్యూ పాయింట్, అంటే గాల్లో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, చూడాలి. ఉష్ణోగ్రత దాని దగ్గరికి దిగి, గాలి కూడా ఆగిపోయిందంటే లోయలో మంచు పట్టేస్తుంది.

పర్లాకిమిడి అక్క:
దేవ్‌మాలి 1,672 మీటర్లు తమ్ముడూ, ఒక్కోసారి మంచు కిందే ఉండిపోతుంది, భయం ఘాట్ రోడ్డులోనే. చంద్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో కూడా చూసుకో. చుక్కలు మరీ మిణుకుమిణుకుమంటే గురుగ్రహం టెలిస్కోప్‌లో వణుకుతుంది, ఉల్కలకి దాంతో పనిలేదు.

రాయగడ కుర్రోడు:
అయితే టెలిస్కోప్ మోయక్కర్లేదా అక్కా?

పర్లాకిమిడి అక్క:
ఉల్కలకి ఎందుకు? చాప, దుప్పటి తీసుకెళ్లు.