అమ్మ కరువు పని డబ్బులు పడ్డాయంటున్నారు, పాస్‌బుక్‌లో మాత్రం లేవు

అనంతపురం_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా అమ్మ ఉపాధి హామీ పనికి పోతుంది, మే నెలలో 12 రోజులు చేసింది, కొలతల ప్రకారం రోజుకి 260 లెక్కన 3,120 రావాలి. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే ఆన్‌లైన్‌లో పడినట్టే ఉందంటాడు, బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ కొట్టి ఏం పడలేదమ్మా అని పంపించేశారు. పోయిన వేసవిలో ఇదే అకౌంట్‌లో పడ్డాయి, జాబ్ కార్డులో కూడా ఈ నంబరే. ఎండలో మట్టి తవ్విన డబ్బులు, ఆటో చార్జీలు పెట్టుకుని రెండుసార్లు పోయొచ్చింది, నేనేమో బెంగళూరులో ఉన్నా, ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఎక్కడికి పోయుంటాయి?

నల్గొండోడు:
తమ్మీ, ముందుగాల అమ్మకు ధైర్యం చెప్పు, పైసలు యాడికీ పోవు. 2024 జనవరి 1 సంది ఉపాధి కూలి ఆధార్ మీదనే పడ్తది, జాబ్ కార్డుల ఏ నంబర్ ఉన్నా దాన్ని చూడరు. ఆధార్ ఆఖరుకు ఏ బ్యాంకుకు లింకైందో ఎన్‌పీసీఐ అని బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ కాడ ఉంటది, పైసలు సీదా ఆ బ్యాంకుకే పోతయి. బ్యాంకుల ఆధార్ ఇచ్చినం కదా అంటరు అందరు, అది కేవైసీ, అంటే మనమెవరో గుర్తువట్టెతందుకు, లింకు వేరే. మా అమ్మకు గిట్లనే అయింది, ఆమె ఎంత తిరిగిందో నాకు తెల్సు. ఈ మధ్యల కొత్త అకౌంట్ ఏమన్న తీసిన్రా? మై ఆధార్ సైట్ల మీ అమ్మ ఆధార్ నంబర్ కొట్టి ఓటీపీ పెట్టి బ్యాంక్ సీడింగ్ (గీ లింకే) స్టేటస్ చూడు, బ్యాంకు పేరు కనవడ్తది.

సీమ_అక్క:
బాబూ, పడినట్టు ఉందన్న మాట నోటితో నమ్మొద్దు, ఉపాధి హామీ సైట్ స్క్రీన్ మీద నువ్వే చూడు. ఇనాక్టివ్ ఆధార్, అంటే ఆధార్‌కి బ్యాంకు లింకు పనిచెయ్యట్లేదు అని రిజెక్ట్ అయ్యుంటే లింకు సరిచేశాక మండలం ఆఫీసులో ఆపరేటర్ మళ్ళీ పంపాలి, అడక్కపోతే అలాగే పడుంటుంది. జాబ్ కార్డులో అత్తింటి పేరు, ఆధార్‌లో పుట్టింటి పేరు ఉన్నా ఇబ్బందే, మా వీధిలో ఇద్దరికి అదే అయింది.

అనంతపురం_కుర్రోడు:
అన్నా దొరికాయి!! పోయిన వేసవి అయిపోయాక ఊళ్ళోకి ఎవరో వచ్చి జీరో బ్యాలెన్స్ అకౌంట్లని అందరి దగ్గరా వేలిముద్రలు తీసుకుపోయారంట, అమ్మ మర్చేపోయింది, స్టేటస్‌లో ఆ బ్యాంకు పేరే వచ్చింది. వేలిముద్ర పెడితే డబ్బులిచ్చే మినీ బ్యాంకు దగ్గర పిల్లోడు అలవాటుగా పాత బ్యాంకునే నొక్కుతుంటే నేను ఫోన్‌లో ఉండి పేరు మార్పించా. బొటనవేలు గడ్డపారతో అరిగిపోయి మూడుసార్లు పడలేదు, ఉంగరం వేలు పెడితే పడింది, 3,120 మొత్తం చేతికిచ్చాడు. గ్యాస్ సబ్సిడీ కూడా అందులోనే ఉంది. ఇప్పుడు పాత బ్యాంకుకే మార్చుకోవచ్చా?

నల్గొండోడు:
మంచిగైంది తమ్మీ. మార్చుకోవచ్చు, పాత బ్యాంకుల ఆధార్ సీడింగ్ ఫారం అడుగు, డీబీటీ (సర్కారు పైసలు సీదా అకౌంట్ల పడుడు) కోసం అని గట్టిగ చెప్పు, లేకుంటే మళ్ళ కేవైసీనే చేసి పంపుతరు. కాయితం మీద ముద్ర ఏయించుకో. అది లింకైతే కొత్త బ్యాంకు లింకు దానంతట అదే పోతది. వారం ఆగి సైట్ల మళ్ళ చూస్కో, పేరు మారినంకనే ఆమెను బ్యాంకుకు తోలియ్యి, ఉత్తగ తిప్పకు.