పువ్వుని సగం పోలికతో వేస్తే అది ఏ కోవలోకి వస్తుంది?

నీటిరంగు:
ఈమధ్య మా జిల్లాలో జరిగిన ఒక చిత్రకళా పోటీకి నేను వేసిన మందారం బొమ్మ పంపితే వెనక్కి వచ్చింది. "రియలిస్టిక్ విభాగంలో పెడదామంటే రేకులకి అంచులు లేవు. అబ్‌స్ట్రాక్ట్‌లో పెడదామంటే మందారమని తెలిసిపోతోంది. ఏదో ఒకటి తేల్చుకుని పంపండి" అన్నారు.

నా బాధ బహుమతి గురించి కాదు. తేల్చుకోలేక అలా వేయలేదు నేను. ఒంటిరేకు మందారాన్ని పొద్దున ఎండకి ఎదురుగా పట్టుకుని చూస్తే, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి పడే చోట ఎరుపు చిక్కబడుతుందే కానీ అక్కడ గీత ఉండదు. లేని గీత నేనెందుకు గీయాలి? అందుకే కాగితం తడిపి, ఎరుపుని దాని మానాన పాకనిచ్చాను. పువ్వు మధ్యలో నిలబడే కాడ, దాని కేసరాలు మాత్రం ఆరిన తర్వాత సన్న కుంచెతో వేశాను.

అడగదలచుకున్నది ఇదే: వాస్తవికతకీ నైరూప్యానికీ మధ్య ఇలా ఆగడం ఒక పద్ధతేనా, లేక రెండూ చేతకాక ఆగిపోవడమా? మొహమాటం లేకుండా చెప్పండి.

గీత_ముందు:
మొహమాటం వద్దన్నారు కాబట్టి సూటిగా చెప్తాను. నేను డ్రాయింగ్ మాస్టర్ని. పిల్లల్ని డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారుచేస్తుంటాను. ఇప్పుడు వచ్చేవాళ్ళలో చాలామంది ఫోన్‌లో వీడియోలు చూసి, తడి కాగితం మీద రంగు వదిలేసి, పైన నాలుగు చుక్కలు చిలకరించి "లూజ్ ఫ్లోరల్" అంటున్నారు. ఇది ఏం పువ్వమ్మా అంటే జవాబుండదు. గులాబీ అన్నా చామంతి అన్నా అదే మచ్చ. అడిగితే "అబ్‌స్ట్రాక్ట్ సర్" అంటారు. అబ్‌స్ట్రాక్ట్ గురించి అడిగితే "పువ్వు సర్" అంటారు. దీన్ని గోడ మీద పిల్లి వాటం అనకుండా ఏమనాలి?

మీ బొమ్మ నేను చూడలేదు, మీ గురించి అనడం లేదు. కానీ ఈ మధ్యదారి చేతకానితనానికి మంచి ముసుగు అవుతోంది. ముందు గీత రావాలి. ఇక అందరూ ఫ్రెంచి చిత్రకారుడు మోనే పేరు చెప్తారు కదా, ఆయనకి కంట్లో శుక్లాలు వచ్చి కలువలు అలా మసకగా వేశాడు. చూపు తగ్గినవాడి బొమ్మని అందరికీ పద్ధతిగా చూపించడం నాకు నచ్చదు.

నల్లకలువ:
మాస్టారూ, పిల్లల విషయంలో మీతో ఏకీభవిస్తాను. మోనే విషయంలో మాత్రం కాదు, ఈ శుక్లాల కథ ప్రతి చర్చలోనూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మోనే ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే ఊళ్ళో 1893లో తన ఇంటి పక్క స్థలం కొని కొలను తవ్వించుకున్నాడు. 1909లో పారిస్‌లో ఆ కలువల బొమ్మలు 48 ఒకేసారి ప్రదర్శించాడు. వాటిని వరసగా చూడండి. మొదట్లో వేసిన కొలను బొమ్మల్లో వంతెన ఉంది, గట్టు ఉంది. ఈ 48లో చాలావాటిలో గట్టు తీసేశాడు, ఆకాశం తీసేశాడు. నీళ్ళు, ఆ నీళ్ళలో పడిన మబ్బు, ఆకులు, పువ్వులు, అంతే. పైనేదో కిందేదో చూసేవాడికి ఆధారం లేకుండా చేశాడు. శుక్లాలు ఉన్నాయని డాక్టర్లు తేల్చింది 1912లో. అంటే మధ్యదారిలోకి ఆయన అడుగుపెట్టింది ముందు, జబ్బు నిర్ధారణ తర్వాత.

రంగులు మారిన మాట నిజం. శుక్లాలు ముదిరిన రోజుల్లో వేసినవాటిలో ఎరుపు, పసుపు, గోధుమరంగు ముంచెత్తుతాయి. 1923లో కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కూడా, 1926 డిసెంబరులో పోయేదాకా, ఇవాళ పారిస్‌లో ఒరాంజరీ మ్యూజియంలో ఉన్న పెద్ద కలువల పటాల మీద పనిచేస్తూనే ఉన్నాడు. ఆ పటాలు రెండు మీటర్ల ఎత్తు, అవి ఉన్నవి రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో. చూపు మెరుగయ్యాక వాటికి అంచులు దిద్దాలనుకుంటే దిద్ది ఉండేవాడు. దిద్దలేదు. అది చూపు లోపం కాదు, ఆయన నిర్ణయం.

డల్లాస్_తెలుగు:
మాట అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ దాకా రాలేదేంటా అని చూస్తున్నాను. మా ఊరి నుంచి కారులో వెళ్ళి వచ్చేంత దూరంలోనే, ఆర్కన్సాలో బెంటన్‌విల్ అనే ఊరుంది. అక్కడి క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియంలో ఆవిడ 1932లో వేసిన తెల్ల ఉమ్మెత్త పువ్వు చూశాను. 48 అంగుళాల ఎత్తు, 40 అంగుళాల వెడల్పు, మొత్తం ఒకటే పువ్వు. 2014లో వేలంలో 4.44 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయిన బొమ్మ ఇదే. ధర సంగతి వదిలేయండి, దగ్గరికెళ్ళి చూస్తే రంగు ఎంత నునుపుగా ఉంటుందంటే కుంచె జాడ కోసం వెతుక్కోవాలి. మాస్టారు అడిగిన క్రమశిక్షణ అంతా అందులో ఉంది. ఐదు మూలలూ, మధ్యలో పచ్చటి గొంతూ చూసి ఎవరైనా ఉమ్మెత్త అంటారు. కానీ సన్న ఈనెలు, మరకలు, పురుగు కొట్టిన చోట్లు ఏవీ లేవు. అవసరం లేనిది తీసేసింది.

ఇంకో సంగతి. 1915లో బొగ్గుతో పూర్తి నైరూప్య చిత్రాలు వేసిన మనిషి ఆవిడ. పెద్ద పువ్వులు ఆ తర్వాత 1920లలో వచ్చాయి. మనం వాస్తవికత నుంచి మెల్లగా నైరూప్యానికి పోవడమే దారి అనుకుంటాం, ఆవిడ ఎదురు దిక్కు నుంచి వచ్చింది. కాబట్టి "రియలిజం రానివాళ్ళు మధ్యలో ఆగుతారు" అన్న మాట ఆవిడకి వర్తించదు.

వృక్షశాస్త్రం:
నేను బొమ్మలు వేయను, మొక్కలు చదివాను. ఉమ్మెత్త మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మనం వినాయకచవితి పత్రిలో వాడే ఉమ్మెత్తా, ఓకీఫ్ న్యూ మెక్సికోలో చూసిన ఉమ్మెత్తా ఒకే ప్రజాతి. సాయంత్రం విచ్చుకుని మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోయే పువ్వు. మొగ్గలో రేకుల గొట్టం గొడుగులా మడతలు పడి, మెలి తిరిగి ఉంటుంది. విచ్చుకున్నాక కూడా ఆ మెలి అంచుల కొసల్లో మిగిలిపోతుంది, ఐదు కొసలూ ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. ఓకీఫ్ బొమ్మ ఫోటో తీసి చూడండి, ఆ తిప్పుడు ఉంది. సన్న ఈనెలు వదిలేసిన మనిషి దాన్ని వదల్లేదు.

మందారంలోనూ ఇలాంటిదే ఒకటుంది. ఐదు రేకుల్లో ప్రతి రేకూ ఒక అంచుతో పక్క రేకుని కప్పుతుంది, రెండో అంచు అటుపక్క రేకు కిందికి పోతుంది. చుట్టూ ఒకే వరస, ఎక్కడా తప్పదు. మధ్యలో కాడ చుట్టూ పసుపు పుప్పొడి తిత్తులు, కొసన ఐదు ఎర్ర చుక్కలు. నీటిరంగు గారూ, మీరు రేకుల మధ్య గీత లేదన్నది నిజమే, కానీ ఈ కప్పుకునే వరస ఉంది. మీ ఎరుపు పాకినప్పుడు చిక్కదనం ప్రతి రేకుకీ ఒకే వైపు వచ్చిందా? వచ్చి ఉంటే ఎంత మసకగా ఉన్నా నాకది మందారమే. అడ్డదిడ్డంగా వచ్చి ఉంటే కాడ ఒక్కటే బొమ్మని మోస్తోందన్నమాట.

అద్దకం_పని:
మీరంతా విదేశాల గురించి మాట్లాడుతున్నారు. మాది పెడన దగ్గర. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం వైపు నుంచి యూరప్‌కి వెళ్ళిన కలంకారీ దుప్పట్లలో ఒకే చెట్టుకి పది రకాల పువ్వులు పూస్తాయి. బెల్లం, పాత ఇనుము నానబెట్టి తీసిన నలుపుతో గీత, పటిక పెట్టి చిరువేరు అనే మొక్క వేళ్ళతో ఎరుపు. ఆ పువ్వు ఏ తోటలోనూ ఉండదు, అలాగని పువ్వు కాదనీ ఎవరూ అనరు. ఏ విభాగమని ఎవరూ అడగలేదు. మనకి కొత్తేం కాదు ఇది.

గీత_ముందు:
అద్దకం గారూ, మీ పని మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. కానీ ఇక్కడ దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. ఆ పువ్వు గురువు చేతి నుంచి, అచ్చు నుంచి వచ్చిన నమూనా. నీటిరంగు గారు ఎదురుగా ఒక మందారాన్ని పెట్టుకుని చూశానంటున్నారు. ఆ రెండూ వేరు దారులు.

వృక్షశాస్త్రం గారు చెప్పిన రేకుల వరసే నేను కావాలంటున్న గీత. నా పిల్లల చేత నేను వేయించేది అదే. పెన్సిల్‌తో ఆ వరస పట్టుకున్నవాడు తర్వాత పెన్సిల్ పారేసినా నాకు అభ్యంతరం లేదు. ముందే పారేసినవాడి సంగతే నేను చెప్పేది.

నల్లకలువ:
అయితే మనిద్దరి మధ్య దూరం అంత లేదు మాస్టారూ. చైనా చిత్రకారుడు చి బైషి (1864–1957) ఇదే మాట అన్నాడు: బొమ్మలో సొగసంతా పోలికకీ పోలిక లేకపోవడానికీ మధ్య ఉంటుంది, మరీ పోలితే లోకాన్ని మెప్పించే చవకతనం, బొత్తిగా పోలకపోతే లోకాన్ని మోసం చేయడం. మోసం అన్న మాట మీ "ముసుగు"కి దగ్గరగానే ఉంది చూడండి. ఆయన తామరాకుని రెండు మూడు సిరా వేటుల్లో వేసేవాడు. దాని పక్కనే తూనీగని పెట్టి, రెక్కల్లో ఒక్కో ఈనె వెంట్రుకంత సన్నగా గీసేవాడు, ఒకే కాగితం మీద. ఆకుని అలా వదిలేసింది చేతకాక కాదని ఆ తూనీగే చెప్తుంది. నీటిరంగు గారు కాడని సన్న కుంచెతో వేసి రేకుల్ని తడికి వదిలేయడంలో నాకు కనిపించేది అదే ఆలోచన.

పోటీవాళ్ళ రెండు పెట్టెలు నాకు ఎందుకు నచ్చవంటే, వాటిలో పడనిది తప్పు అయిపోతుంది. మోనే, ఓకీఫ్, చి బైషి ముగ్గురినీ వెనక్కి పంపించే నిబంధన అది. రెండు విభాగాలు తీసేసి "పూల చిత్రాలు" అని ఒకటే పెట్టి, న్యాయనిర్ణేతలు బొమ్మ ముందు నిలబడి చూస్తే సరిపోతుంది.

నీటిరంగు:
అందరికీ ధన్యవాదాలు. వృక్షశాస్త్రం గారు రాసింది చదివి బొమ్మ తీసి చూశాను. నాలుగు రేకులకి చిక్కదనం కుడి అంచునే ఉంది. కింది రేకు దగ్గర నీళ్ళు ఎక్కువై రంగు వెనక్కి పాకింది, అక్కడ వరస తెలియడం లేదు. ఆ రేకుకి ఇప్పుడు గీత పెట్టను. కొత్త కాగితం మీద మళ్ళీ వేస్తాను, ఈసారి రేకు రేకుకీ తడి విడిగా పెట్టి. పోటీవాళ్ళకి నల్లకలువ గారు చెప్పినట్టు విభాగాల గురించి ఉత్తరం కూడా రాస్తున్నాను.

గీత_ముందు:
వేశాక ఇక్కడ పెట్టండి. ఉత్తరం మీద నా సంతకం కూడా వేసుకోండి, ఒక షరతు మీద: పదహారేళ్ళ లోపు పిల్లలకి మాత్రం విభాగాలు ఉండాలని రాయండి.

నల్లకలువ:
ఆ షరతు నాకు ఒప్పుదల కాదు మాస్టారూ. పిల్లల గురించి వేరే చర్చ మొదలుపెడతాను, అక్కడికి రండి.