గెత్తం వేస్తే గాలి పాడవుతుందా?

ఆనందపురం_రైతు:
ఆనందపురం దగ్గర మాకు ఎకరంన్నర ఉంది, సగం మడి, సగం వంగ, బెండ. ఈసారి యూరియా తగ్గిద్దామని రెండు ట్రక్కుల గెత్తం, అదే పశువుల పేడ ఎరువు, తెప్పించి గట్టు పక్కన పోయించాను. ఇంతలో వానలు పట్టుకుని నాలుగు రోజులు వదల్లేదు. తెరిపిచ్చిన పొద్దున వెళ్లి పారతో కుప్ప ఒక పక్క తీస్తే గుప్పుమని ఆవిరి, కళ్లు మండేంత ఘాటు, అడుగున నల్లటి రసం కారి బోదెలోకి పోతోంది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా మేనల్లుడు చూసి, "మావయ్యా, దీంట్లోంచి వచ్చే గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు చెడ్డది" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నేలకి మేలు చేద్దామని మొదలుపెట్టి గాలి పాడుచేస్తున్నానా? తెలిసినవాళ్లు చెప్పండి.

మట్టి_పరీక్ష:
మీ మేనల్లుడు చెప్పింది నిజమేనండీ. కాకపోతే మీ కళ్లు మండించింది ఆ గ్యాసు కాదు, అది అమ్మోనియా. అంటే మీరు డబ్బు పెట్టి కొన్న నత్రజని గాల్లోకి పోతోందన్నమాట. అతను చెప్పింది నైట్రస్ ఆక్సైడ్ గురించి, దానికి ఘాటు ఉండదు, కంటికి కనపడదు. వందేళ్ల లెక్కలో అది పట్టి ఉంచే వేడి కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు. నేల తడిసి ముద్దయి గాలి ఆడనప్పుడు సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని (నేలలో నత్రజని ఉండే ఒక రూపం) ఆక్సిజన్ వాడుకుంటాయి, అప్పుడు పుడుతుంది.

నేను కొన్నాళ్లు పొలాల్లో దీన్ని కొలిచే పని చేశాను. అడుగు లేని పెట్టెను మట్టిలోకి నొక్కి, పావుగంటకోసారి సిరంజితో లోపలి గాలి తీసి ల్యాబ్‌కి పంపేవాళ్లం. పొడి రోజుల్లో రీడింగ్ కదిలేదే కాదు, ఎరువు వేశాక గట్టి వాన పడితే మాత్రం రెండు మూడు రోజులు ఒక్కసారిగా పైకి లేచేది. అందుకే ఎంత వేశామన్నదొక్కటే కాదు, ఏ రోజు వేశామన్నది కూడా చాలా ముఖ్యం.

ఇక మీ లెక్క చూద్దాం. రెండు ట్రక్కులు కలిపి నాలుగు టన్నులనుకుంటే, టన్నుకి 5 కిలోల చొప్పున 20 కిలోల నత్రజని. అందులో నూటికి ఒక వంతు ఈ గ్యాసుగా పోతుందని వేసుకుంటే దాని ప్రభావం 86 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే ముప్పై రెండు లీటర్ల డీజిల్ కాల్చినట్టు. అదే 20 కిలోలు ఒక 45 కిలోల యూరియా బస్తాలోనూ ఉంటాయి, అదీ ఇలాగే వదులుతుంది, పైగా దాన్ని తయారుచేయడానికి ఫ్యాక్టరీలో సహజవాయువు కూడా ఖర్చవుతుంది. గెత్తం అయితే నేలలో కర్బనం మిగులుస్తుంది. మానకండి, వేసే పద్ధతి మార్చండి.

పద్మనాభం_మడి:
అన్నా, ఆ మడి సంగతి కూడా చూసుకో. పచ్చి పేడ, పచ్చి గడ్డి దమ్ములో తొక్కి నీళ్లు నిలబెడితే మీథేన్ వస్తుంది, నారు మడిలో నడుస్తుంటే కాళ్ల దగ్గర బుడగలు లేస్తాయి చూడు, అదే. బాగా చివికిన గెత్తం వేస్తే చాలా తక్కువ. చివికిందో లేదో గుప్పిట్లో నలిపి చూడు, పేడ వాసన పోయి తడి మట్టి వాసన రావాలి, వేడి అసలు ఉండకూడదు. నీది ఇంకా ఆవిరి కక్కుతోందంటే ఈ పంటకి పనికిరాదు. నేను నీళ్లు ఎప్పుడూ నిండా ఉంచను, ఆరనిచ్చి మళ్లీ పెడతాను, పూత టైములో మాత్రం ఆరనివ్వను. అలా ఆరబెడితే మీథేన్‌లో మూడో వంతు దాకా తగ్గుతుంది.

ఆనందపురం_రైతు:
చాలా థాంక్స్ అండీ, మనసు కుదుటపడింది. మరి ఇప్పుడు ఆ కుప్పని ఏం చేయమంటారు? వంగకి ఈ వారం ఒక బస్తా యూరియా కూడా వేద్దామనుకున్నాను.

మట్టి_పరీక్ష:
రెండూ ఒకేసారి వద్దండీ. తడి నేలలో గెత్తం, యూరియా కలిసి పడితే ఆ సూక్ష్మజీవులకి తిండీ నత్రజనీ రెండూ ఒక్క చోటే దొరుకుతాయి, గ్యాసు ఇంకా పెరుగుతుంది. యూరియా కొంచెం కొంచెంగా, వాన లేని రోజు చూసి వేయండి. కుప్పని గట్టు పక్కనుంచి మెరకకి మార్చండి, ఎండాకులో ఊకో పొరలుగా కలిపి పైన టార్పాలిన్ కప్పండి, పదిహేను రోజులకోసారి తిరగేయండి. చివికాక చల్లిన రోజే మట్టిలో కలిపేయండి, పైపైన వదిలేస్తే మిగిలిన నత్రజని కూడా గాల్లో కలుస్తుంది. ముందు ఆ నల్లరసం బోదెలోకి పోకుండా ఇవాళే చుట్టూ చిన్న గట్టు వేయించండి.