మట్టిగోడకి సిమెంటు కలిపిన మట్టి పూత: ఎంత కలపాలి?

పడమటిగోడ:
అందరికీ నమస్కారం. మాది పచ్చి ఇటుకల గోడ. రెండేళ్ల కిందట దాని మీద 1:4 సిమెంటు, ఇసుకతో ప్లాస్టరింగ్ చేయించాను. మొన్నటి వానలకి పడమటి వైపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఒక పెచ్చు తిరగేసి చూస్తే వెనకాల వేలెడు మందాన గోడ మట్టి అతుక్కుని వచ్చింది. సిమెంటుకి ఏం కాలేదు, గోడే లోపల తడిసి మెత్తబడిపోయింది. ఈసారి మట్టిలోనే కాస్త సిమెంటు కలిపి పూద్దామనుకుంటున్నా. తగ్గితే వానకి కారిపోతుందేమో, ఎక్కువైతే మళ్లీ ఊడుతుందేమోనని ఒకటే టెన్షన్.

గట్టిపని:
కోడి జాలి మేకులతో కొట్టించి 1:3 వేయించండి. ఇక ఊడమన్నా ఊడదు.

తాపీచెయ్యి:
జాలి కొడితే ఊడటం ఆలస్యమవుతుంది, అంతే. అప్పటిదాకా లోపల గోడ ఎంత పాడైందో కనపడదు. మట్టిగోడ తడికి కొద్దిగా ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. గట్టి సిమెంటు పొర దానితో పాటు కదల్లేక సన్నగా చిట్లుతుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, ఆవిరై బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు. అందుకే పూత గోడ కంటే ఓ పిసరు బలహీనంగానే ఉండాలి. మొదట్లో నేనూ ‘ఇంకో తట్ట సిమెంటు పోస్తే పోయేదేముంది’ అన్నవాణ్నే లెండి.

ముందు మీ మట్టి ఏంటో తేల్చండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లు పోసి బాగా కుదిపి, కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది. దాని మీద ఒండ్రు, అన్నిటికంటే పైన బంక. బంక తేరడానికి రోజు పడుతుంది. నల్లరేగడి అయితే మాత్రం ఈ పనికి వద్దే వద్దు.

పడమటిగోడ:
చేశానండీ. మొత్తం 10 సెంటీమీటర్లలో కింద 5 ఇసుక, 2 ఒండ్రు, పైన 3 బంక.

తాపీచెయ్యి:
నీళ్లలో బంక ఉబ్బి ఉంటుంది కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువే. అయినా సిమెంటుకి అది ఎక్కువ. బంక ఉండలు కడితే సిమెంటు లోపలిదాకా అందదు, ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. జల్లించిన మట్టి ఒక పాలుకి గరుకు ఇసుక రెండు పాళ్లు కలపండి. బంక పదో వంతుకి దిగుతుంది. దీంట్లో సిమెంటు 1:8, 1:12, 1:16 చొప్పున కలిపి, గోడ మీదే అడుగు చదరాలు మూడు పూయండి. సిమెంటు లేకుండా నాలుగోది కూడా.

పొడిగా ఉండగానే రంగు ఒకేలా వచ్చేదాకా కలపాలి, ఆ తర్వాతే నీళ్లు. గంటలో అయిపోయేంతే తడపండి. బిగుసుకున్నదాన్ని మళ్లీ నీళ్లు పోసి వాడొద్దు. గోడని చీపురుతో దులిపి, గాట్లు పెట్టి, చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేంత తడపండి, కారేంత కాదు. మొదటి పొర పల్చగా కలిపి గోడకేసి విసిరి కొట్టాలి. దాని మీద సెంటీమీటరు మందం చాలు. తర్వాత వారం పాటు తడి గోనెలు కప్పాలి. చాలామంది ‘మట్టే కదా’ అని ఎండకి వదిలేస్తారు. సిమెంటు గట్టిపడకముందే తడి ఆరిపోయి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది.

సున్నంబట్టీ:
బంక అంత ఉన్నప్పుడు సున్నం కలపొచ్చుగా? బంకతో బాగా కలిసిపోతుంది.

తాపీచెయ్యి:
కలపొచ్చు. గట్టిపడటానికి వారాలు పడుతుంది, అంత ఓపిక ఉంటే అదే మేలు.

పడమటిగోడ:
మూడు వారాలైంది. 1:8 మీద వెంట్రుకంత పగుళ్లు, వేలితో కొడితే ఓ మూల డొల్లగా మోగుతోంది. 1:16 మేకుతో గీస్తే పొడి రాలుతోంది. 1:12 మీద చెంబెడు నీళ్లు కొట్టినా చెక్కుచెదరలేదు. సిమెంటు లేనిదానికి ఒక్క బీట కూడా లేదు, నీళ్లు పడితే మాత్రం కరిగిపోయింది.

తాపీచెయ్యి:
అయితే పడమటికి 1:12, లోపలి గోడలకి సిమెంటు లేనిదే వేసేయండి. మిగిలిన పాత ప్లాస్టరింగ్ కొట్టేసి, గోడ బాగా ఆరాకే మొదలుపెట్టండి. చూరు పొట్టిగా ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే దాన్ని ముందు పొడిగించండి, పూత తర్వాత.