పిల్లల ఊపిరిగొట్టంలో పల్లీగింజ: పాలమూరులో థీసిస్‌కు ఏం కొలవాలి?

పాలమూరు_ఈఎన్టీ_పీజీ

అందరికీ నమస్కారం. ఈఎన్టీ పీజీ చేస్తున్న. పిల్లల ఊపిరిగొట్టంలో ఇరుక్కునే వస్తువుల మీద థీసిస్ పెడదామనుకుంటున్న. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చుట్టుపక్కలంతా యాసంగి పల్లీ పండే జాగ, కాయ ఒలిచే ఇండ్లల్ల చిన్నపిల్లలు గింజల మధ్యనే ఆడుతుంటరు. సీతాఫలం సీజన్‌ల ఆ గింజలు, మిగతా రోజుల్ల చింతగింజలు ఎట్లాగూ ఉంటయి.

గైడ్ సార్ పాత కేస్‌షీట్లు తీసి చేయమంటున్నరు, తొందరగా అయితదని. నాకేమో కొత్తగా వచ్చే పిల్లలను చేర్చుకుంటూ చేయాలని ఉంది. ఛాతీ ఎక్స్‌రే ఎంతవరకు నమ్మొచ్చో తేల్చి, చివరికి గింజ ఉందో లేదో అంచనా వేసే ఒక స్కోర్ తయారుచేస్తే పీహెచ్‌సీ డాక్టర్లకు పనికొస్తదని ఆలోచన. ఎంతమంది పిల్లలు కావాలి? అర్ధరాత్రి ఎమర్జెన్సీల వచ్చే పిల్లల విషయంల తల్లిదండ్రుల అంగీకారం ఎట్ల తీసుకోవాలి? ఏమేం రాసిపెట్టుకోకపోతే తర్వాత చిక్కు అయితది? తెలిసిన సార్లు, మేడమ్‌లు చెప్పండి.

నల్లగొండ_ఈఎన్టీ

మంచి విషయం పట్టినవు తమ్మీ. కానీ ఎన్ని పల్లీలు తీసినం, కుడి దిక్కు ఎన్ని, ఎడమ దిక్కు ఎన్ని అని లెక్క రాసిన థీసిస్‌లు లైబ్రరీల నిండా ఉన్నయి. ఎక్కువ మంది 1 నుంచి 3 ఏండ్లోళ్లు, ఎక్కువ భాగం గింజలు, కుడి బ్రాంకస్ (ఊపిరిగొట్టం చీలి ఊపిరితిత్తిలకు పోయే కొమ్మ) నిటారుగా వెడల్పుగా ఉంటది కాబట్టి అటే ఎక్కువ. ఇది మళ్లీ రాస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. మన జిల్లాలల్ల తెలియాల్సింది, గింజ లోపలికి పోయిన గడియ నుంచి స్కోప్ (గాలిదారిలకు వేసి చూసి, వస్తువు తీసే గొట్టం; ఆ పనే బ్రాంకోస్కోపీ) పడే గడియ దాకా టైమ్ ఎక్కడ పోతున్నదని. థీసిస్ దాని చుట్టూ కట్టు.

"లక్షణాలు ఎన్ని రోజుల నుంచి" అని ఒక్క గడి పెడితే ఆ సంగతి బయటపడదు. నాలుగు టైమ్‌లు విడివిడిగా రాయి: పొలమారిన టైమ్, మొదట ఎవరికైనా చూపించిన టైమ్, లోపల వస్తువు ఉందని ఎవరో ఒకరు మొదటిసారి అనుమానించిన టైమ్, స్కోప్ లోపలికి పోయిన టైమ్. నాలుగింటికీ తారీఖు, గంట రెండూ కావాలి. ఆ టైమ్ తల్లి చెప్పిందా, చిట్టీల ఉందా, రిజిస్టర్‌ల ఉందా అన్నది పక్కన ఇంకో గడిల రాయి. ఈ నాలుగు టైమ్‌ల నడుమ మూడు ముక్కలు వస్తయి. మొదటి ముక్క పెద్దదైతే తప్పు ఇంటి దగ్గర అవగాహనది. రెండో ముక్క పెద్దదైతే మన డాక్టర్లది, ఆర్‌ఎంపీలది. మూడోది పెద్దదైతే రెఫరల్‌ది, థియేటర్‌ది. ఒక్కోదానికి మందు వేరు. ఈ అంకెల్ల సగటు చెప్పొద్దు, మీడియన్ (వరుసల పెడితే నడిమిల వచ్చే అంకె) చెప్పు. నెలరోజుల తర్వాత వచ్చిన ఇద్దరు పిల్లలు చాలు, సగటు మొత్తం అటు గుంజుకుపోతది.

రెండో ముక్కల మోసం ఎందుకు జరుగుతదో గుర్తుంచుకో. పొలమారినప్పుడు గట్టిగ దగ్గు వస్తది, మొహం నీలమైతది. గింజ బ్రాంకస్‌ల కుదురుకున్నాక దగ్గు సద్దుమణుగుతది, పిల్ల మళ్లీ ఆడుకుంటది. గంటలు గావచ్చు, రోజులు గావచ్చు. ఇంట్లోళ్లు గింజ కడుపులకు పోయిందనుకుంటరు. తర్వాత జ్వరం, పిల్లికూతలు మొదలైనప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు, నిమోనియా అనో ఉబ్బసం అనో మందులు, నెబులైజర్ నడుస్తయి. అందుకే ప్రశ్న సూటిగ ఉండాలె: "తింటుంటేనో ఆడుకుంటుంటేనో ఒక్కసారి పొలమారి, ఊపిరాడక దగ్గిందా? అప్పుడు ఎవరు చూసిన్రు? నోట్ల ఏముండె?" తల్లి పొలంల ఉంటే చూసింది నానమ్మో అక్కనో అయి ఉంటది, ఫోన్ చేసి అయినా వాళ్లనే అడగాలె.

పాత కేస్‌షీట్ల చిక్కు ఇక్కడే ఉంది. అండ్ల పొలమారిన సంగతి రాయలేదంటే జరగలేదని కాదు, అడగలేదని గావచ్చు. రెంటినీ "లేదు" కింద వేస్తే మొత్తం లెక్క చెడిపోతది. గైడ్ మాట కాదనలేకపోతే పాత షీట్లు తీయి గానీ, ప్రతి గడికి మూడు జవాబులు పెట్టు: ఉంది, లేదు, రాయలేదు.

ఎక్స్‌రే సంగతి. పల్లీ ఫిల్మ్‌ల కనబడదు, దాని పర్యవసానమే కనబడతది. ఊపిరి తీసుకునేటప్పుడు బ్రాంకస్ కొంచెం విప్పారి గింజ పక్క నుంచి గాలి లోపలికి పోతది, విడిచేటప్పుడు ముడుచుకుని గాలి ఇరుక్కుంటది. ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బి నల్లగ కనబడతది, గుండె, మీడియాస్టినం (రెండు ఊపిరితిత్తుల నడిమి భాగం) అవతలి పక్కకు జరుగుతయి. ఇది ఊపిరి విడిచినప్పుడు తీసిన ఫిల్మ్‌ల తెలుస్తది, తీసుకున్నప్పటి ఫిల్మ్ మామూలుగనే ఉండొచ్చు. గింజ దారిని పూర్తిగ మూసేస్తే అవతల భాగం ముడుచుకుపోయి తెల్లగ వస్తది. అంటే ఒకే గింజకు రోజును బట్టి రెండు రకాల ఫిల్మ్‌లు. పొలమారిన ఎన్నో గంటకు తీసిన్రో, ఏ భంగిమల తీసిన్రో రాయకుంటే "ఎక్స్‌రే ఇంత శాతం పట్టింది" అన్న మాటకు అర్థం ఉండదు. ఫిల్మ్‌లను స్కోప్‌ల ఏం దొరికిందో తెలియని ఇద్దరితో విడివిడిగ చదివించి, ఇద్దరి మాట ఎంత కలిసిందో కప్పా అనే లెక్కతో చూపించు. ఆపరేషన్ చేసినోడే ఫిల్మ్ చదివితే గింజ ఉన్న పక్కనే నలుపు కనబడతది.

తీసిన ముక్కను పారేయొద్దు. స్కేల్ పక్కన పెట్టి ఫోటో తీయి, పొడవు మిల్లీమీటర్లల్ల రాయి. బ్రాంకోస్కోపీకి దారి వేసిన అమెరికా డాక్టర్ షెవలియర్ జాక్సన్ తీసిన ప్రతి వస్తువునూ వివరంతో సహా దాచిండు, రెండు వేలకు పైగా వస్తువులు ఇప్పటికీ ఫిలడెల్ఫియా మ్యూటర్ మ్యూజియంల ఉన్నయి. ఆయన రికార్డులు అంత విలువైనవి అయినయంటే కారణం ఆ అలవాటే.

ఇంకొకటి, ఊపిరిగొట్టం కేసులల్ల అన్నవాహికల ఇరుక్కున్న నాణేలు, బటన్ బ్యాటరీలు కలపొద్దు. దారి వేరు, ప్రమాదం వేరు. బ్యాటరీ అన్నవాహికల 2 గంటలల్లనే కాల్చడం మొదలుపెడతది, దాన్ని గంటల ఆలస్యం లెక్కల పల్లీతో పక్కపక్కన పెట్టలేము.

కమ్యూనిటీ_మెడిసిన్_లెక్కలు

శాంపుల్ గురించి చెబుతాను. ఎక్స్‌రే సెన్సిటివిటీ (గింజ ఉన్న పిల్లల్లో ఎక్స్‌రే పట్టేవాళ్ల శాతం) 80 శాతం ఉంటుందనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడాతో తేల్చాలంటే: 1.96 వర్గం × 0.8 × 0.2 ÷ 0.1 వర్గం = 61.5, అంటే నిజంగా గింజ ఉన్న పిల్లలు 62 మంది. స్కోప్ వేసిన పిల్లల్లో 70 శాతం మందికి వస్తువు దొరుకుతుందనుకుంటే మొత్తం 89 మంది. ఇక్కడిదాకా పీజీ కాలంలో సాధ్యం కావచ్చు. కానీ స్పెసిఫిసిటీ (గింజ లేని పిల్లల్లో ఎక్స్‌రే లేదని సరిగ్గా చెప్పేవాళ్ల శాతం) 70 శాతం అనుకుని అదే 10 శాతం తేడాతో కావాలంటే గింజ లేని పిల్లలు 81 మంది ఉండాలి, అంటే మొత్తం 270 మంది. అది ఒక్క ఆసుపత్రిలో కుదిరే పని కాదు. కాబట్టి ప్రధాన ప్రశ్నగా సెన్సిటివిటీ ఒక్కటే పెట్టుకోండి, స్పెసిఫిసిటీని దాని విశాలమైన కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో (అసలు విలువ ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చో చెప్పే హద్దులతో) సహా రాయండి. ఈ 80, 70 అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి. మీ ఆసుపత్రి పాత రిజిస్టర్ నుంచి వచ్చిన అంకెలు వేసి మళ్లీ లెక్కకట్టండి. పాత కేస్‌షీట్లు నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. మీరు స్కోప్ వేసేది అనుమానం బలంగా ఉన్న పిల్లలకే, ఎక్స్‌రే తేడాగా ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఎక్స్‌రే మామూలుగా ఉండి ఇంటికి పంపిన పిల్లలు మీ లెక్కలోకి రారు. వాళ్లలో కొందరికి గింజ ఉండే ఉంటుంది. ఫలితంగా సెన్సిటివిటీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఒక్కటే: అనుమానంతో వచ్చిన ప్రతి పిల్లనూ, స్కోప్ వేసినా వేయకపోయినా, మొదటి రోజే రిజిస్టర్‌లో ఎక్కించండి. స్కోప్ వేయని వాళ్లకు వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. దగ్గు, జ్వరం, ఆయాసం ఏ ఒక్కటి మిగిలినా పిలిపించి మళ్లీ ఫిల్మ్ తీయండి. రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లో ఉండేవాళ్లది. పాలమూరు నుంచి పనులకు వలస పోయే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఒక్క నంబర్ మీద ఆధారపడితే నెల తర్వాత దొరకరు.

స్కోర్ ఆలోచన ఇప్పటికి మానుకోండి. ఒక్కో అంశానికి కనీసం పది కేసులు ఉండాలన్నది పాత మోటు లెక్క. దాని ప్రకారం, 89 మందిలో మిగిలే గింజ లేని పిల్లలు 27 మందితో రెండు అంశాలు దాటి పెట్టలేరు. పెట్టినా, మీ పిల్లల మీద తయారైన స్కోర్ మీ పిల్లల మీద బాగానే పనిచేస్తుంది. వేరే ఆసుపత్రి పిల్లల మీద పరీక్షించకుండా పీహెచ్‌సీకి పంపడం ప్రమాదం. తక్కువ స్కోర్ చూసి ఒక పిల్లను ఇంటికి పంపితే ఆ బాధ్యత ఎవరిది?

అంగీకారం: చికిత్సకు తీసుకునే సంతకం వేరు, పరిశోధనకు తీసుకునేది వేరు. పరిశోధన కాగితం కోసం స్కోప్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మీది పరిశీలన మాత్రమే కాబట్టి, పిల్ల కోలుకుని తల్లిదండ్రుల మనసు కుదుటపడ్డాక అడగండి, కాదంటే ఆ వివరాలు తీసేయండి. ఇలా ఆలస్యంగా అడుగుతామని ప్రోటోకాల్‌లోనే రాసి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. చదువురాని వాళ్లయితే సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర వేయించాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడగాలి, మీ కేసుల్లో ఆ వయసు వాళ్లు కొద్దిమందే ఉంటారు. పాత కేస్‌షీట్లకు పేర్లు తీసేసి వాడుకుంటామని కమిటీని మినహాయింపు అడగొచ్చు. సీటీఆర్‌ఐలో (దేశంలో వైద్య పరిశోధనలు నమోదు చేసే రిజిస్ట్రీలో) మొదటి పిల్లను చేర్చకముందే నమోదు చేయండి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు నమోదే తీసుకుంటున్నారు.

మత్తు_డాక్టర్

థియేటర్ ఫారం గురించి కొంచెం. సర్జన్లు రాసే నోట్‌లో "వస్తువు తీయబడింది" అని ఒక్క ముక్క ఉంటుంది. మీకు కావలసింది: స్కోప్ సైజు, ఎన్నిసార్లు లోపలికి పోయింది, మొత్తం ఎన్ని నిమిషాలు గాలిదారిలో ఉంది, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అన్నిటికన్నా కిందికి ఎంత పోయింది, 90 కింద ఎంతసేపు ఉంది, పిల్ల సొంత ఊపిరి తీసుకుంటున్నదా మనం ఇస్తున్నామా.

సైజు ఎందుకంటే, 3.5 సైజు రిజిడ్ (వంగని) స్కోప్ బయటి వ్యాసం 5.7 మిల్లీమీటర్లు, 3.0 ది 5.0. ఏడాదిన్నర పిల్లకు బిగుతుగా పట్టిన స్కోప్ సబ్‌గ్లాటిస్‌ను (స్వరతంత్రుల కింది ఇరుకు భాగాన్ని) వాపెక్కిస్తుంది, ఆ రాత్రి స్ట్రైడార్ (ఊపిరి తీసేటప్పుడు గొంతులో కీచు చప్పుడు) వస్తే కారణం గింజ కాదు, మనం. స్కోప్‌లో దూర్చి చూసే టెలిస్కోప్ లోపల ఉన్నంతసేపు గాలికి మిగిలే సందు చాలా సన్నం, మధ్యమధ్యలో దాన్ని బయటికి తీసి ఊపిరి ఇవ్వాలి. ఆ విరామాలు కూడా రాయండి.

గొంతును మొద్దుబార్చే లిగ్నోకైన్ మందు కిలోకు 3 నుంచి 4 మిల్లీగ్రాములు దాటకూడదు. 10 కిలోల పిల్లకు 2 శాతం మందు 1.5 మిల్లీలీటర్లు పోస్తే 30 మిల్లీగ్రాములు. 10 శాతం స్ప్రే అయితే ఒక్కో నొక్కుకు 10 మిల్లీగ్రాములు, లెక్క మరిచిపోయేది ఇక్కడే.

నానిన పల్లీ గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. పట్టే కొసల్లో కిటికీల్లాంటి సందులున్న పల్లీ ఫోర్సెప్స్ (పట్టుకారు) అందుకే. గింజ స్వరతంత్రుల దగ్గర జారి గాలి పూర్తిగా ఆగిపోతే, దాన్ని మళ్లీ ఒక పక్క బ్రాంకస్‌లోకి తోసి రెండో ఊపిరితిత్తితో పిల్లను నిలబెట్టాలి. ఇది జరిగిందా లేదా అన్న గడి తప్పకుండా పెట్టండి, చాలా థీసిస్‌లలో ఉండదు. తీశాక రెండు వైపులా మళ్లీ చూశారా అన్నది ఇంకో గడి. మిగిలిపోయిన ముక్కల వల్లే రెండోసారి స్కోప్ వేయాల్సి వస్తుంది.

పాలమూరు_ఈఎన్టీ_పీజీ

చాలా థ్యాంక్స్ సార్. స్కోర్ తీసేస్తున్న. నాలుగు టైమ్‌లు, మూడు జవాబుల పద్ధతి ప్రోటోకాల్‌ల పెడుతున్న. ఇంకొక్కటి అడుగుత. పల్లీ కోతల నెలలల్ల కేసులు పెరుగుతయని చూపించాలంటే 18 నెలలు సరిపోతయా? పీహెచ్‌సీ నుంచే టైమ్‌లు సరిగ్గ రావాలంటే ఏం చేయాలి?

పీహెచ్‌సీ_అచ్చంపేట_దిక్కు

18 నెలలంటే కొన్ని నెలలు రెండుసార్లు వస్తయి, కొన్ని ఒక్కసారే. మొత్తం కేసులు కూడితే రెండుసార్లు వచ్చిన నెలలే ఎక్కువ కనబడతయి. నెలకు ఎన్ని అన్న లెక్కల రాయండి. దానికి తోడు పాత థియేటర్ రిజిస్టర్ నుంచి అయిదారేండ్ల తారీఖులు, వస్తువు పేరు మాత్రం తీసుకోండి, ఆ రెండు గడులు పాత రికార్డులల్ల కూడా నమ్మకంగ ఉంటయి. బాదేపల్లి, వనపర్తి మార్కెట్లకు పల్లికాయ ఎప్పుడు ఎక్కువ వచ్చిందో మార్కెట్ యార్డు లెక్కలల్ల దొరుకుతది, ఆ గీతను మీ కేసుల గీత పక్కన పెట్టండి.

రెఫరల్‌కు అరపేజీ చిట్టీ చాలు, తెలుగుల: పొలమారిన తారీఖు, గంట, చూసినవాళ్లు ఎవరు, నోట్ల ఏముండె, పీహెచ్‌సీకి వచ్చిన టైమ్, 108కు ఫోన్ చేసిన టైమ్. దీనికన్నా ఎక్కువ అడిగితే ఎవరూ నింపరు. కింద రెండు లైన్లు అచ్చేయించండి. ఒకటి, పిల్ల గట్టిగ దగ్గుతూ ఏడుస్తుంటే వీపు మీద చరచొద్దు, కూర్చోబెట్టి ఎత్తుకుని రండి. రెండోది, దగ్గు రాక, గొంతు పెగలక నీలమైతే ఏడాది లోపు పిల్లకు తల కిందికి పెట్టి వీపు మీద 5 చరుపులు, ఛాతీ మీద 5 నొక్కులు. ఏడాది దాటితే వీపు మీద 5 చరుపులు, బొడ్డుకు పైన 5 నొక్కులు. గింజ బయటపడేదాకా ఆపొద్దు, పిల్ల సోయి తప్పితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలె. కనబడని గింజ కోసం నోట్ల వేలు పెట్టి వెతకొద్దు, అది ఇంకా లోపలికి పోతది.

ఆశాలకు, అంగన్‌వాడీ టీచర్లకు చెప్పేటప్పుడు పల్లీ పెట్టొద్దనకండి, మంచి బలమైన తిండి అది. 4 ఏండ్లు నిండేదాకా గింజగా పెట్టొద్దు, పొడి కొట్టో చట్నీ నూరో పెట్టమనండి. పల్లీపట్టీ కూడా గింజ కిందికే వస్తదని విడిగ చెప్పాలె, అది లెక్కల ఎవరూ వేయరు.