ఆర్ఓ మెంబ్రేన్ మీద జిగట పొర వదలడం లేదు

మా ఊరి వాటర్ ప్లాంటుకు నీళ్లు కాలువతో నింపే మంచినీళ్ల చెరువు నుంచి వస్తాయి. గంటకు 1000 లీటర్లిచ్చే ఆర్ఓ ఆరు వారాల్లో 620కి పడిపోయింది. శుద్ధ నీటి టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) మాత్రం మారలేదు. మెంబ్రేన్ (లవణాలను ఆపే వడపోత పొర) బయటికి తీస్తే చివరన టీ డికాషన్ రంగు జిగట. వేలికి అంటుకుని సాగుతోంది, పాచి వాసన.

సున్నపు పొర అనుకుని ముందు 2 శాతం సిట్రిక్ యాసిడ్‌తో కడిగాను. ఇంకా తగ్గి 580 అయింది. తర్వాత పీహెచ్ 11 దగ్గర కాస్టిక్ సోడా ద్రావణం గంటసేపు తిప్పితే 850 వచ్చింది కానీ నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొచ్చింది. ఇసుక ఫిల్టర్, 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ కొత్తవే. మెంబ్రేన్‌లోని పాలీఅమైడ్ పొర క్లోరిన్‌కు తట్టుకోదు కాబట్టి బ్లీచింగ్ జోలికి పోలేదు. బిందెల వరుస రోజూ పెరుగుతోంది.

చెరువు నీటితో పనిచేసినవారు చెప్పండి: అదే కాస్టిక్ ద్రావణాన్ని 35 డిగ్రీలకు వేడిచేసి రాత్రంతా నానబెడితే ఈ జిగట పూర్తిగా వదులుతుందా?