మందు చేయబోతే నిజంగానే మందైంది, 20 లీటర్లు పారబొయ్యాలా ఆగాలా?

నురగ_నాని:
అందరికీ నమస్తే. ఇంట్లో బీరు చేసుకోడంలో ఇది నా నాలుగో బ్యాచ్. మొదటి మూడూ పర్లేదు, ఒకటైతే నిజంగానే బావుంది, ఆ ధైర్యంతో ఈసారి ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా (ముందే తీసిపెట్టిన మాల్ట్ పాకం) మానేసి మొత్తం మాల్ట్ గింజలతోనే (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పేల్ ఏల్ అనే లేత రంగు బీరు పెట్టా. 20 లీటర్లు. మొదటి గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే ఎంత చిక్కనో చెప్పే అంకె, చక్కెర తగ్గేకొద్దీ దిగుతుంది) 1.050, ఈస్ట్ వేసిన మర్నాడు పొద్దున్నకే ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలే బిరడా) టకటకా కొట్టుకుంటోంది, గది 19-20 డిగ్రీలు దాటలేదు, ఇవాళ 18వ రోజు, గ్రావిటీ 1.012 చూపిస్తోంది. లెక్క ప్రకారం 5 శాతం ఆల్కహాల్. నోట్‌బుక్‌లో చూస్తే ఎక్కడా తప్పు కనపడదు.

నోట్లో పోసుకుంటేనే తెలుస్తోంది. మొదట మాల్ట్, హాప్స్ (చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) అన్నీ బానే తగుల్తాయి, మింగాక ఒక్క క్షణం ఆగి గొంతులోంచి పైకొస్తుంది చూడండీ, దెబ్బకి వేసుకునే ప్లాస్టర్ కొత్తది విప్పి నాలుక మీద అంటించినట్టు. దానితో పాటు కొంచెం వెన్న వాసన కూడా ఉందనిపిస్తోంది, అది నా భ్రమేమో తెలీదు. మా ఆవిడ ఒక్క గుక్క తాగి "మందు చేస్తానంటే ఏమో అనుకున్నా, నిజంగా మందే చేశావు" అని మిగతాది సింకులో వంచేసింది. పైన తెట్టు లాంటిదేం లేదు, అక్కడక్కడ పాత నురగ అంటుకుని ఉంది అంతే.

ఈ ఆదివారం సీసాల్లో పోద్దామనుకున్నా. ఇప్పుడేం చెయ్యాలి? సీసాల్లో పోసి రెండు నెలలు వదిలేస్తే సర్దుకుంటుందా, హాప్స్ దండిగా వేసి కప్పెయ్యొచ్చా, లేక పారబొయ్యడమేనా? గింజలు దంచడం దగ్గర్నుంచి కుండ తోమడం దాకా ఒక రోజంతా పోయింది, మనసొప్పట్లేదు.

హాప్స్_పిచ్చోడు:
బ్రో పారబొయ్యకు!! డ్రై హాప్ (పులిశాక వేసే హాప్స్) 150 గ్రాములు కొట్టు, నాలుగు రోజులు ఉంచు, బాగా చల్లగా చేసి ఇవ్వు, ఎవడూ కనిపెట్టడు. నా రెండో బ్యాచ్ నీళ్ళలా చప్పగా వస్తే అలాగే చేశా, అందరూ ఇంకోటి ఇంకోటి అన్నారు.

పాత_పీపా:
తమ్ముడూ హాప్స్, చప్పగా ఉండటం వేరు, ప్లాస్టర్ వాసన వేరు. చప్పటిదాని మీద హాప్స్ వేస్తే నిలబడతాయి, ప్లాస్టర్ మీద వేస్తే నిమ్మతొక్కలో చుట్టిన ప్లాస్టర్ వస్తుంది, పైగా 150 గ్రాములు దండగ.

నానీ, నువ్వు చెప్పినవాటిలో రెండు తప్పులున్నాయి, ముందు వాటిని విడదియ్యి. బీరు బాలేదు అన్న ఒక్క మాటతో ఏదీ తేల్చలేం, కొన్ని వాసనలు ఈస్ట్ తనంతట తనే సర్దుకుంటుంది, కొన్ని ఏడాది ఉంచినా కదలవు.

వెన్న వాసన అంటే డైఅసిటైల్. పులిసేటప్పుడు మధ్యలో పుడుతుంది, తర్వాత ఈస్టే దాన్ని మళ్ళీ లోపలికి తీసుకుంటుంది, టైమిస్తే. అది నీ భ్రమో కాదో తేల్చుకోడం తేలిక. రెండు చిన్న గ్లాసుల్లో శాంపిల్ తీసుకో, రెండూ మూసిపెట్టు. ఒకదాన్ని 60-65 డిగ్రీల వేడినీళ్ళ గిన్నెలో 20 నిమిషాలు నిలబెట్టు, రెండోది అలాగే వదిలెయ్యి. వేడి చేసినదాన్ని చల్లార్చి రెండూ పక్కపక్కన వాసన చూడు. వేడి చేసిన దాంట్లోనే వెన్న వస్తే ఇంకా వెన్న కాబోయే సరుకు లోపల ఉందని. రెండింట్లోనూ వస్తే ఇప్పటికే తయారై ఉందని. ఏదైనా సరే ఈస్ట్ మీదే ఉంచి 21-22 డిగ్రీలకి తీసుకెళ్ళి మూడు రోజులు వదిలెయ్యి, చాలావరకు పోతుంది. ఇప్పుడే చల్లబెట్టి సీసాల్లో పోశావనుకో, ఈస్ట్ నిద్రపోతుంది, వెన్న అక్కడే కూర్చుంటుంది.

ప్లాస్టర్ సంగతి అది కాదు. దానికి రెండు దారులు. ఒకటి క్లోరిన్, నీళ్ళలోదో బ్లీచ్‌దో, గింజల్లో ఉండే ఫీనాల్స్‌తో కలిసి క్లోరోఫీనాల్ అవుతుంది. రెండోది బయట్నుంచి దూరిన అడవి ఈస్ట్. రెండింటి వాసనా దగ్గర దగ్గరగా ఉంటుంది కానీ నడత వేరు. క్లోరోఫీనాల్ మొదటి రోజు ఎంతుందో చివరి రోజూ అంతే, గ్రావిటీ జోలికి పోదు. అడవి ఈస్ట్ అయితే వారం వారం వాసన పెరుగుతుంది, మామూలు ఈస్ట్ వదిలేసిన చక్కెరలు కూడా తింటుంది కాబట్టి గ్రావిటీ మెల్లగా దిగుతూనే ఉంటుంది.

అందుకని ఆదివారం సీసాల మాట మర్చిపో. ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. గ్రావిటీలో ఒక్క పాయింట్ (0.001) సీసాలో దిగితే దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ (అంటే బీరు పరిమాణంలో సగం) పుడుతుంది. 1.012 ది 1.006 కి దిగిందంటే మూడు వాల్యూమ్‌లు, దాని మీద బుడగల కోసం సీసాలో వేసే ప్రైమింగ్ చక్కెరతో నువ్వు పుట్టించే రెండున్నర. మామూలు సీసా తట్టుకోదు, పగుల్తుంది, గాజు పెంకులు గోడలో దిగబడటం చూశా నేను. ఇవాళ రాసుకో, ఆరు రోజుల తర్వాత మళ్ళీ గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ వెయ్యి. కాంతితో కొలిచే రిఫ్రాక్టోమీటర్ కాదు, ఆల్కహాల్ ఉంటే అది తప్పు చూపిస్తుంది.

ఈలోగా రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు. నీళ్ళు ఎక్కడివి? బకెట్ దేనితో కడిగావు?

నురగ_నాని:
అన్నా మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు. ముందు మూడు బ్యాచ్‌లూ ఎక్స్‌ట్రాక్ట్ కదా, నీళ్ళు తక్కువ పడతాయని తాగే నీళ్ళ క్యాన్లు వాడా. ఈసారి నానబెట్టడానికీ గింజలు కడగడానికీ కలిపి 30 లీటర్లు కావాల్సొచ్చింది, అన్ని క్యాన్లు ఎవడు మోస్తాడని నేరుగా కుళాయి తిప్పేశా. ఇప్పుడే సీసా సగం నింపి మూత పెట్టి బాగా ఊపి వాసన చూశా, ఈతకొలను పక్కన నిలబడ్డట్టుంది 🙁 అదీ కాక బకెట్ బ్లీచ్‌తో కడిగి రెండుసార్లు తొలిచా, అదీ ఆ కుళాయి నీళ్ళతోనే.

కానీ వోర్ట్ (గింజల్లోంచి తీసిన తీపి రసం) గంటసేపు మరిగించా కదా, క్లోరిన్ ఎగిరిపోదా?

బుడగల_బుజ్జమ్మ:
మరిగించేది గింజలు నానబెట్టాక కదా బాబూ, అక్కడే వచ్చింది చిక్కు. క్లోరిన్ గింజలకి తగిలింది మొదటి గంటలోనే, అప్పటికే అంటుకోవాల్సింది అంటుకుంది. తర్వాత మరిగించి లాభం లేదు. కొన్ని చోట్ల క్లోరమైన్ వేస్తారు, అది రాత్రంతా మూత తీసి పెట్టినా పోదు, మరిగించినా తేలిగ్గా పోదు.

నా బాధ కూడా చెప్తా వినండి. నాది స్టౌట్, అచ్చం ఇదే వాసన. నల్ల బీరు కదా, మాడు రుచి బలంగా ఉంటుంది, కప్పేస్తుందిలే అనుకుని 29 సీసాలు కడిగి, శానిటైజ్ చేసి, నింపి, మూతలు బిగించి ఐదు నెలలు మంచం కింద పెట్టా. నెలకొకటి తీసి చూడ్డం, "ఈసారి తగ్గినట్టుంది కదూ" అని ఇంట్లోవాళ్ళని బలవంతం చెయ్యడం, వాళ్ళు మొహమాటానికి ఊ అనడం. ఐదో నెలలో తేలింది ఏంటంటే మాల్ట్ ఘాటు తగ్గింది, హాప్స్ చేదు తగ్గింది, ప్లాస్టర్ ఒక్కటే తగ్గలేదు. చుట్టూ ఉన్నవన్నీ పల్చబడేసరికి అదే ఇంకా పైకి లేచింది. తర్వాత 29 మూతలు ఒక్కొక్కటీ తీసి పారబోసి మళ్ళీ 29 సీసాలు కడిగా. బకెట్‌లోంచి పారబోస్తే రెండు నిమిషాల పని. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది బీరు పోయినందుకు కాదు, ఆ సీసాలు రెండుసార్లు కడిగినందుకు.

వచ్చేసారికి కాంప్‌డెన్ మాత్రలు తెచ్చిపెట్టుకో, మెటాబైసల్ఫైట్ అంటే అదే. ఒక మాత్ర 75 లీటర్ల దాకా సరిపోతుంది, నీ 30 కి సగం నలిపి కలిపి పది నిమిషాలు ఆగితే చాలు, క్లోరిన్ అయినా క్లోరమైన్ అయినా పోతుంది. గింజలు తగలక ముందు వెయ్యాలి, అది గుర్తుపెట్టుకో. ఇంక బ్లీచ్ సంగతి, ఈ పనికి దాన్ని ఇంట్లోకే రానివ్వకు. స్టార్ శాన్ లాంటి ఆసిడ్ శానిటైజర్ వాడు, చెప్పిన కొలతలో కలిపితే తొలవక్కర్లేదు, నురగ ఉన్నా పర్లేదు.

ఖాళీ_సీసా:
అంత బీరు నేలపాలు చెయ్యడం ఎందుకండీ, ఇంట్లోనే బట్టీ పెట్టి స్పిరిట్ తీస్తే సరి కదా. లేదంటే వెనిగర్ చేసుకోవచ్చు. అదీ కాదంటే ఇంకో మంచి బ్యాచ్‌లో కొంచెం కొంచెం కలిపెయ్యొచ్చు, బెల్జియంలో లాంబిక్ అనే పుల్ల బీరు చేసేవాళ్ళు పాతదీ కొత్తదీ కలపట్లేదా?

పాత_పీపా:
బట్టీ మాట ఇంకోసారి ఎత్తకండి. చాలా దేశాల్లో ఇంట్లో కాచడం నేరం, వంటింట్లో ఆల్కహాల్ ఆవిరి పక్కన మంట ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అదంతా పక్కన పెట్టినా ఆ వాసన ఆవిరితో పాటు ఎక్కి వస్తుంది, ప్లాస్టర్ బీరు కాస్తా ప్లాస్టర్ సారా అవుతుంది.

వెనిగర్ ఆలోచన చెడ్డది కాదు, వేరే తప్పులకి. గాలి తగిలి కొంచెం పుల్లబడ్డదో, చప్పగా తేలిపోయినదో అయితే, హాప్స్ తక్కువ పడ్డదైతే, వెడల్పు మూతి జాడీలో పోసి పైన గుడ్డ కట్టి వెనిగర్ తల్లి (వెనిగర్ చేసే బ్యాక్టీరియా పొర) వేసి వెచ్చటి చోట పెడితే రెండు మూడు నెలల్లో మాల్ట్ వెనిగర్ అవుతుంది. ఆ జాడీ బీరు పులిసే ఫెర్మెంటర్లు ఉన్న గదిలో మాత్రం పెట్టకూడదు, ఆ బ్యాక్టీరియా మిగతావాటిలోకి దూరితే ఇంకో పోస్ట్ మొదలుపెట్టాల్సొస్తుంది ఇక్కడ. కానీ నాని బీరుకి పనికిరాదు. ఆ బ్యాక్టీరియా తినేది ఆల్కహాల్‌ని, ఫీనాల్ అలాగే మిగులుతుంది. చేదు కూడా మిగులుతుంది.

కలపడం అంటారా, లాంబిక్ వాళ్ళు ఒకేడాదిదీ రెండు మూడేళ్ళదీ కలిపి గూజ్ అనే బీరు చేస్తారు నిజమే, వాళ్ళు కలిపేది బావున్నవాటిని. క్లోరోఫీనాల్ లీటరుకి కొన్ని మైక్రోగ్రాములున్నా నాలుకకి తెలుస్తుంది. ఒక చెడ్డ బకెట్ కాస్తా రెండు చెడ్డ బకెట్లవుతాయి. కావాలంటే నానీ నువ్వే చేసి చూడు, ఒక వంతు నీది, తొమ్మిది వంతులు కొన్న బీరు. మూడు గ్లాసులు పెట్టు, రెండింట్లో ఉత్త కొన్నది, ఒకదాంట్లో కలిపినది, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకివ్వు. మనం చేసింది మనం రుచి చూస్తే నాలుక అబద్ధం చెప్తుంది.

హాప్స్_పిచ్చోడు:
ఒక డౌట్, ఇలాంటివి ఊరికే రుచి చూడ్డం వల్ల ఏమన్నా అవుద్దా అన్నా? నేనైతే చెడిపోయిందంటే ముట్టుకోను

పాత_పీపా:
సరిగ్గా పులిసిన బీరులో ఆల్కహాల్, పులుపు, హాప్స్ మూడూ ఉంటాయి కాబట్టి రోగం తెచ్చే క్రిములు సాధారణంగా బతకవు, ఒక గుక్క చూసి ఉమ్మెయ్యడానికి భయం లేదు. ఈస్ట్ అసలు మొదలే కాకుండా రోజుల తరబడి పడున్న వోర్ట్, పైన బూజు వెంట్రుకల్లా లేచినది, ఈ రెండూ మాత్రం రుచి కూడా చూడొద్దు, నేరుగా బయటికే.

నురగ_నాని:
వారం తర్వాత వచ్చా, ఏం జరిగిందో చెప్తా.

గ్రావిటీ ఆరో రోజు కూడా 1.012, గీత మీదే ఉంది, జరగలేదు. అంటే అడవి ఈస్ట్ కాదు. రెండు గ్లాసుల పరీక్ష చేశా, రెండింట్లోనూ వెన్న వచ్చింది, కాబట్టి అది నా భ్రమ కాదు. బకెట్‌ని 22 డిగ్రీల గదిలోకి మార్చి మూడు రోజులకి మళ్ళీ చేస్తే రెండింట్లోనూ లేదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషం ఆశ పుట్టింది, ఒకటి పోయింది కదా రెండోదీ పోతుందేమో అని.

తర్వాత మూడు గ్లాసుల పని పెట్టా. ఒకదాంట్లో 10 మిల్లీలీటర్లు నాది, 90 కొన్నది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, మూడూ వాసన కూడా చూడకుండా వరసగా తాగి, మధ్యది పక్కకి తోసి "ఇది నీది" అంది. గ్లాసులు మార్చి మళ్ళీ ఇచ్చా, మళ్ళీ అదే. మూడోసారి ఇస్తే "నాకు వేరే పనుంది" అని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ సరైన గ్లాసుకే వేలు చూపించింది.

అంతే, పారబోశా. 18 లీటర్లు. బుజ్జమ్మ గారు చెప్పినట్టు రెండు నిమిషాలే పట్టింది, కానీ ఆ రెండు నిమిషాలు కాలవలోంచి హాప్స్ వాసన ఎంత బావుందో, అది మాత్రం కొంచెం బాధనిపించింది. మూడు సీసాలు ఉంచుకున్నా ప్రైమింగ్ చక్కెర వెయ్యకుండా, క్లోరోఫీనాల్ అని రాసి, ఇంకెప్పుడైనా అనుమానమొస్తే పక్కన పెట్టుకుని పోల్చుకోడానికి. అడుగున మిగిలిన మడ్డి చెట్ల ఎరువు గుంటలో వేద్దామనుకుంటున్నా, పర్లేదా?

బుడగల_బుజ్జమ్మ:
ఇంట్లో కుక్క ఉంటే వద్దు. హాప్స్ కుక్కలకి విషం, వాడేసినవైనా సరే, ఒళ్ళు విపరీతంగా వేడెక్కి చచ్చిపోవచ్చు. గుంట మీద గట్టి మూత ఉంటే వేసుకో. ఆ ఈస్ట్‌ని వచ్చే బ్యాచ్‌కి మాత్రం దాచకు, ఆ నీళ్ళలో నానినదే కదా.

అన్నట్టు బకెట్ కుళాయి విప్పి చూశావా ఎప్పుడైనా? కడిగేటప్పుడు అందరూ బకెట్ కడుగుతారు, కుళాయి ఎవరూ విప్పరు.

నురగ_నాని:
కుక్క లేదండీ. కుళాయి విప్పొచ్చని కూడా నాకు తెలీదు, ఇప్పుడే తిప్పుతున్నా ఆగండి

నురగ_నాని:
వచ్చింది. లోపల గోధుమరంగు జిగురు ఉంది, వేలితో తీస్తే సాగుతోంది. ఇది నాలుగు బ్యాచ్‌లదీ అయ్యుంటుందా??

పాత_పీపా:
అయ్యుంటుంది. కొత్త కుళాయి కొను నానీ.